ఎడమ మేజోడు

నా లాప్‌టాప్ చెబుతోంది:
ఆరో నంబరు, యేసుపాదం,
పది కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్లు.
అంటే గుంటూరులో బయల్దేరి
గ్రౌండు గీత దాటకుండానే
నంబూరు చేరాడన్నమాట.
దారిలో రెండు కిలోల మనిషిని
మే నెల ఎండకే వదిలేశాడు.

బంతి అతని కాలి దగ్గరున్నది మాత్రం
నిమిషం నలభై సెకన్లు.

మిగతాదంతా?
రాని పాసు కోసం పరుగు.
వస్తుందేమోనని అడ్డం పరుగు.
ఎనభయ్యో నిమిషంలో, పిక్క పట్టేశాక,
ఎవరూ పిలవకపోయినా వెనక్కి పరుగు.
అటు పోతున్నవాడు ఇటు తిరగడానికి
ఎన్నిసార్లు బ్రేకు వేసుకున్నాడో
అన్ని ఎర్ర ముళ్లు నా గ్రాఫులో.

మస్తాన్‌వలికి గ్రాఫులక్కర్లేదు.
బకెట్టు ముందు గొంతుక్కూర్చుని
మేజోళ్లు తిరగేస్తున్నాడు.
ఎడమ మడమ దగ్గర అతని వేలు బయటికొచ్చింది.
"ఈయన ఇవాళ చాలామందిని ఆపాడు సార్."

స్కోరు సున్నా, సున్నా.
రేపటి పేపర్లో ఈ పేరుండదు.

ఐసు టబ్బులో రెండు కాళ్లూ పెట్టుకుని
యేసుపాదం అడుగుతున్నాడు:
"బస్టాండు దాకా ఆటో ఏమన్నా దొరుకుద్దా?
అంత దూరం నడవలేనండీ."