చాలు అనని మొలక

చీకటి గదిలోకి పచ్చ దీపం పట్టుకెళ్తాను.
ముప్ఫై ఏళ్ళుగా ఇదే దీపం, గాజు మీద ఒక బీట.
పచ్చ వెలుగంటే మొలకలకు దాదాపు గుడ్డి.
రేపు ఏ రంగు కట్టుకుంటాయో
ఆ రంగునే చూడలేవు, పిచ్చివి.

తడి దూదిలో బార్లీ, ఆరు రోజులది.
సూదిమొన తలతో పైకి పైకి తడుముకుంటూ
గింజలో పిండి ఇంకెంత ఉందో
లెక్క చూసుకుంటూ సాగుతోంది.
చూడవచ్చినవాళ్ళు తెల్లగా ఉందంటారు.
తెలుపు కాదు, జున్ను రంగు.

అది సగం వండిన వంట.
పత్రహరితానికి ఒక్క మెట్టు కింద
గిన్నె పొయ్యి మీదే ఉంది, నిప్పు లేదు.
తలుపు సందున ఒక్క వెలుగుపోగు దూరితే
రెప్ప వాల్చేలోగా ఆ మెట్టు దాటేస్తుంది.
మధ్యాహ్నానికి ఆకు పచ్చన.

వంటవాళ్ళు జన్యువులు.
ఎసట్లో ఎంత పొయ్యాలో ఒకటి చెబుతుంది,
ఎప్పుడు ఆపాలో ఇంకొకటి.
దాని అసలు పేరు పలకడం కష్టం,
నేను ‘చాలు’ అని పిలుస్తాను,
కంచం మీద అడ్డం పెట్టే చెయ్యి.

మూడో అరలోని మొలకలకు ఆ చెయ్యి లేదు.
బార్లీకి తల్లీ తండ్రీ ఒకే మొక్క, నిగనిగలాడే పచ్చ.
అందులో దాగిన లోటు రెండు వైపుల నుంచీ వచ్చి
కలిసినచోట, నాలుగింట ఒకటి.
చీకట్లో వండుతూనే ఉంటుంది, వండుతూనే ఉంటుంది,
తెల్లారగానే ఆ కుప్ప అంటుకుంటుంది.
పగలు పెరిగిన మేర పచ్చ,
రాత్రి పెరిగిన మేర కమిలిన పసుపు.
రిజిస్టర్లో దీన్ని పులి అని రాస్తాం.
చారలు కావవి, వాతలు.

మా తమ్ముడు ఐవిన్ రక్తంలోనూ ఇలాంటి కుప్పే.
రక్తపు ఎరుపూ ఆకు పచ్చా చాలా దూరం ఒకే వంట,
తర్వాత ఒకటి ఇనుము వైపు, ఒకటి మెగ్నీషియం వైపు.
ఎండ సోకితే చేతులు మండేవి వాడికి.
పైకేమీ కనిపించదు గనుక
బడిలో నటన అన్నారు.
అమ్మ జూన్ నెలకని ఉన్ని తొడుగులు అల్లింది.
నవంబరులో సూర్యుడు కొండ వెనక్కి దిగిపోయాక
ఫియోర్డు ఒడ్డంతా వాడిదే, రెండు నెలలు.

ఈ ఏడు జూలై మొదట్లో
మూడో అర విత్తనాలు గాజు వసారాలో చల్లాను.
మా ఊళ్ళో అప్పుడు రాత్రి ఉండదు.
సూర్యుడు సముద్రం అంచు దాకా వచ్చి
కాలు తడవకుండా వెనక్కి లేస్తాడు.
మొలకలు పచ్చగా వచ్చాయి.
ఒక్క వాత లేదు, వెర్రి పచ్చ.
పాకెట్లు తారుమారు చేశావు తురీద్, అన్నాడు హల్వోర్.
అతను మా పైవాడు, నేను మాట్లాడలేదు.

అర్ధరాత్రి టోపీ, తొడుగులు వేసుకుని
ఐవిన్ చూడ్డానికొచ్చాడు.
నీడలోనే నిలబడి చాలాసేపు చూశాడు.
“ఆగస్టులో ఎలా మరి?”
వాడికి కేలండరు నాకన్నా బాగా తెలుసు.

ఆగస్టు చివర, ఇరవై ఆరున,
మెట్లు కనబడక తలుపు దగ్గర తడబడ్డాను.
లోపల అప్పటికే వెలుగు.
పడవ మీది పెద్ద దీపం తెచ్చి
వసారా దూలానికి కట్టాడు వాడు.
కట్టి, గాజుకి అవతల,
చీకట్లో, పెట్టె మీద కూర్చున్నాడు వీపు తిప్పి.
కాఫీ ఇస్తే అటు తిరిగే తాగాడు.

పొద్దున కుండీలు లెక్కపెట్టాను, నలభై.
దీపం అందని మూల కుండీలో
కొత్త ఆకు మొదట్లో
గోటిగీతంత పసుపు.
రిజిస్టర్లో రాశాను,
పులి, ఒక రాత్రి.