గింజ నలగకుండ

జడ్చర్ల అంగట్ల అమ్ముడువోని సీతాఫలాలు
గంప అడుగున ఒకదాన్నొకటి ఒత్తుకొని పగిలినయి.
తెల్లారితే ఈగల పాలు.

"స్మూతీ చేద్దామే" అన్నది మా హారతి.
నాకు నోరు తిరగలే ఆ పేరు.
నిరుడు ఇట్లనే మిక్సీల వేస్తే
ఒక్క గింజ, ఒకే ఒక్క గింజ నలిగి
గిన్నెడు పాలు చేదు.
మూడు దినాలు మా అత్త
వచ్చినోళ్లకల్లా ఆ చేదే చెప్పింది.

ఏరేదాక పిల్లకు ఓపికేది?
స్విచ్చి వేసింది, కరెంటు పోయింది.
జారుల గుజ్జంత కుండల ఒంపి
అటుక మీది కవ్వం దించిన.
అది చల్ల మొకం చూడక ఆరేండ్లాయె.

హారతి సెల్లు లైటు పట్టింది.
అరచేతుల నడుమ కవ్వం,
కుండల గింజలు
పచ్చీసు గవ్వల లెక్క దొర్లుతున్నయి
తెల్లగ, మెల్లగ, గుజ్జును ఇడిసి.
పావుసేరు పాలు, చిన్న బెల్లంగడ్డ.

అత్త గిలాస ఖాళీ చేసి
మళ్ల చాపింది.
ఏమనలే.

అప్పుడొచ్చింది కరెంటు.
ఒట్టి మిక్సీ గిర్రున మొత్తుకుంటే
ముగ్గురం ఉలిక్కిపడ్డం.

గింజలు నూట పదిహేడు, లెక్క హారతిది.
ఎండబెట్టి దంచితే పేన్లకు మందు.
గోడవతలి ఖాజాబీ
అప్పుడే అడిగిపోయింది.