పదమూడో గడి

అచ్చంపేటల మా ఆఫీసు రేకుల కింద
మూడు ఫ్యాన్లు, రెండు తిరుగుతయ్.
నా కొలువు ఈ గ్రాంటు ఉన్నన్ని దినాలే,
మార్చి ముప్పై ఒకటి దాక.

పని చిన్నదే అన్నడు సారు.
అడవి శాఖ కాడ పులి అడుగులున్నయ్,
జల శాఖ కాడ బోర్ల లోతులున్నయ్,
వాన లెక్క ఒకరి కాడ, ఎండ లెక్క ఇంకొకరి కాడ.
గోడకు గోడ ఆనిన ఆఫీసులే,
ఒకరి బీరువాల ఏమున్నదో ఒకరెరుగరు.
పైనుంచి పైసలొచ్చినయ్ గనుక
అన్నీ ఒక్క పట్టికల వోయాలె.
పెంటల్ల చెంచులు చెప్పేది కూడా.

పోస్తుంటే తెలిసింది
ఒక్క వాగుకు మూడు నంబర్లు.
అడవి లెక్కల అది సరిహద్దు,
జల శాఖల ఎండిన పాయ,
పటం మీద వెంట్రుకంత నీలి గీత,
రెవెన్యూ కాయితాలల్ల ఆ వాగు పుట్టనే లేదు.

తోకల ఈదమ్మ ఒక్కటే పేరు చెప్పింది:
ఎలుగు రెండు కాళ్లు కడిగిన చెలిమ.
స్థానిక పేరు గడిల ఇరవై అక్షరాలే పడతయ్.
‘ఎలుగు రెండు కాళ్లు క’
అక్కడ కోసేసింది కంప్యూటరు.
అప్పటిసంది ఆ ఎలుగు
మురికి కాళ్లతోనే నిలబడున్నది
మా సర్వర్ల.

మన్ననూరు దాటి, జీపు దిగి, గంటన్నర నడక.
ఈదమ్మ తపసి బంకల బెరడు ముక్కలు ఏరుతున్నది.
నేను ప్రశ్నలు తీయకముందే ఆమె అడిగింది:
“మూడేండ్ల కింద ఒకడొచ్చి
మా బోరు నీళ్లు సీసాల వట్కపోయిండు.
నీళ్లేమన్నయ్ బిడ్డా?”

ఏమన్నయో నాకు తెల్వదు.
ఆ రాత్రి ఆఫీసుల ఒక్కదాన్నే కూసుని
తారీఖు పట్టుకొని వెతికిన.
దొరికింది.
ఫ్లోరైడు లీటరుకు మూడు దశాంశం ఒకటి.
రిమార్కుల గడిల ఒక్క మాట: తాగరాదు.
మూడేండ్లల్ల ఆ మాట
నాలుగు ఆఫీసులు తిరిగింది,
ఐదు సంతకాలు వేయించుకున్నది,
పెంటకు మాత్రం తొవ్వ దొరకలే.

తెల్లారి మళ్ల నడిచిన.
చెప్పిన.
ఈదమ్మ ఏమీ అనలే.
మనుమరాలిని దగ్గరికి గుంజి
దాని పెదవి లేపి పండ్లు చూసింది,
సంతల మేకను చూసినట్టు.
గురవయ్య తన తలగుడ్డ చింపి
బోరు పిడికి ఎర్రపేలిక కట్టిండు.
ఆడోళ్లు చెలిమ తొవ్వ పట్టిన్రు
బిందెలతోని.

ఆనక ఆమె అన్నీ చెప్పింది.
నూలగడ్డ ఏ ఏడు సన్నబడ్డదో,
ఇప్ప పూత ఎన్నిసార్లు పండుగను తప్పిందో,
వానకు ముందు ఏ చీమ గుడ్లు మోస్తదో.
నేను రాస్తనే ఉన్న, చేతివేళ్లు గుంజేదాక.

పదమూడో గడి:
తేనె పట్టుండే కొండచరియ, అక్షాంశం, రేఖాంశం.

“అది జెప్ప.”

“ఎందుకు?”

“నీకు జెప్తే నువ్వు మంచిదానివే.
నీ డబ్బాకు జెప్తే అది ఎవలకు జెప్తదో
నీకెర్కనా?”

నాకెర్క లేదు.
షరతులు ముప్పై పేజీలు, నేను చదవలే.
సారు చదివిండో లేదో అడగలే.

ఖాళీ ఉంచితే గడి ఎర్రబడుతది.
సున్నా కొడితే ఆ చరియ సముద్రంల పడుతది.
గురవయ్య పేలిక యాదికొచ్చింది,
అంత ఎరుపు.
చాలాసేపు చూసి
అందుల ఒక్క మాట కొట్టిన: అడగాలె.
పట్టిక ఒప్పుకున్నది. ఎందుకో ఇప్పటికీ తెల్వదు.

మార్చి ముప్పై నాడు హైదరాబాద్ నుంచి ఫోను.
“పదమూడో కాలమ్‌ల ఏదో రాసినవు,
అడగాలె అంటే డిగ్రీల్ల ఎంతమ్మా?”

గంటన్నర నడక సార్, అన్న.
పొద్దున్నే బయలెల్లాలె.
ఒట్టి చేతులతోని రావొద్దు,
ఆ నీళ్ల కాయితం పట్టుకొని రావాలె.
అప్పటికి కూడా
ఆమెకు చెప్పబుద్ధయితేనే.