ఇరవై ఐదు అడుగులు

టొలీడోలో, లగ్రాంజ్ వీధి లాండ్రీ మీద
జూలై తారు చెప్పుల్ని పట్టుకుని వదలదు.
ఒక్కో అడుగూ పెరుక్కుని వెయ్యాలి.
నేను తనిఖీకి వచ్చినదాన్ని.
టేపు ఒక కొస ఏసీ పెట్టె కాళ్ల దగ్గర అదిమిపెట్టి
లోంజో టిబ్స్ గొంతుక్కూర్చున్నాడు.

రూలు చిన్నదే:
యంత్రం ఉన్న మట్టంలోనే, ఇరవై ఐదు అడుగుల లోపు
బాగుచేసే మనిషికి ఒక ప్లగ్గు ఉండాలి.
నిచ్చెన దిగి వెతుక్కునేది కాదు.
ఎవరి కిటికీలోంచో అరువు తెచ్చుకునేది కాదు.

పోయిన నవంబరులో అరువుదే.
మూడో అంతస్తు, హలీనా కుట్టు కొట్టు నుంచి
పసుపు వైరు, మెట్ల మీదుగా, తలుపు సందులోంచి
పిట్టగోడకి ఒరుసుకుంటూ పైకి.
ఐదింటికే చీకటి పడే రోజులు.
పెళ్లి గౌను ఇస్త్రీకి తొందరపడి
ఏ వైరు ఎవరిదో చూడకుండా పీకేసిందావిడ.
పైన లోంజో, మోచేతుల దాకా ఫ్యాను కడుపులో.
దీపం ఆరింది.
చేతులు ఎటు తీస్తే ఏ రేకు కోస్తుందో తెలియక
ఉన్నవాటిని ఉన్నచోటే ఉంచి
ఊపిరి కూడా మెల్లిగా తీస్తూ నిలబడ్డాట్ట.
"మంచి గౌనే," అంటాడిప్పుడు. "తర్వాత చూపించింది."

ఇప్పుడు కొత్త ప్లగ్గు పెట్టించారు.
టేపు చదివాను: ఇరవై ఆరు అడుగుల నాలుగంగుళాలు.
"అంత పట్టింపా?" అన్నాడు యజమాని,
మెట్ల గది నీడలోంచి, బయటికి రాకుండానే.

పారదర్శక మూత ఎత్తితే కందిరీగ గూడు, ఖాళీది.
నా చిన్న దీపం గుచ్చి చూశాను, వెలిగింది.
యంత్రం స్విచ్చి కిందికి లాగాను.
యంత్రం ఆగింది,
దానితోపాటు నా దీపమూ.
రెంటినీ ఒకే కొమ్మకి కట్టారు!
మందిచ్చి పడుకోబెట్టింది రోగినైతే
వైద్యుడి లాంతరెందుకు ఆరాలి?

ఆ రూలు రాసినవాళ్లు నాకు తెలీదు.
చల్లటి గదిలో కూర్చుని
ఒక్క కామా కోసం మధ్యాహ్నమంతా పోట్లాడుకుని ఉంటారు.
వాళ్లలో ఒకరి ముంజేతి మీద
పాత కోత మచ్చ ఉండే ఉంటుందని నా అనుమానం.

రెండు గడుల్లోనూ అడ్డగీత పెట్టాను.
"గురువారం మళ్లీ వస్తా."
యజమాని నిట్టూర్పు మెట్లు దిగిపోయింది.
లోంజో ఏమీ అనలేదు, టేపు కొస వదిలాడంతే.
అది తారు మీద గరగరమంటూ పరిగెత్తి
నా పిడికిట్లోకి దూరింది, వేడివేడిగా.