తూనికరాయి

దేవెంటర్‌లో నది మీద మంచు ఇంకా లేవలేదు.
వెనకగదిలో రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి.
రాత్రంతా ఆడాయి, నాలుగువందల ఆటలు.
ఎవరూ దగ్గలేదు, ఎవరూ కాఫీ అడగలేదు,
ఓడినవాడు కుర్చీ వెనక్కి తోసి లేవలేదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు అంగళ్ళ త్రాసులకు ముద్రలు వేశాను.
జున్ను కొట్లో ముల్లు వీసమెత్తు ఒరిగినా
నా పెన్సిల్‌కి తెలిసేది.
ఇప్పుడు తూచేవి చదరంగం ఆడే ప్రోగ్రాములు,
పిల్లలు నిద్రపోయాక, జీతం రాని గంటల్లో
ఎవరెవరో రాసుకున్నవి.

తుర్కులో పళ్ళ డాక్టరు,
ఘెంట్‌లో ట్రామ్ నడిపే లీవెన్,
ఓస్త్రవా నుంచి పదహారేళ్ళ ద్రహొమీరా.
అందరిదీ ఒకటే ప్రశ్న: బలం పెరిగిందా?
కాకిపిల్ల కాకికి ముద్దు.
త్రాసుకి కాకీ తెలియదు, ముద్దూ తెలియదు.

లీవెన్ కొత్త కూర్పు తొమ్మిది పాయింట్లు ఎక్కింది.
పొరపాటుకి వదలాల్సిన జాగా ముప్ఫై.
అంటే?
అంటే తెలియదు, లీవెన్.
ఇంకో నాలుగువేల ఆటలు ఆడిస్తే, బహుశా.
ఫోన్లో కాసేపు ట్రామ్ గంట ఒక్కటే.
"మా ఆవిడకి ఎక్కిందనే చెప్పేశాను" అన్నాడు.

అందరినీ తూచే రాయి ఒకటుంది, కీవిట్,
మా బీళ్ళలో అరిచే తీతువు పేరు.
జుట్ఫెన్‌లో గడియారాలు బాగుచేసే ఖేర్లోఫ్ రాశాడు.
దానికి రెండువేలని నేనే పెట్టాను, ఆ అంకె కదలదు.
మిగతావాళ్ళంతా దానికి పైనో, కిందో.

కీవిట్‌కి ఒక జబ్బు.
ఒక శకటు, అంచు వరుసలో ఒక బంటు మిగిలితే చాలు
గెలిచేశాననుకుంటుంది.
ఆ శకటు నడిచే రంగు వేరు, ఆ మూల గడి రంగు వేరు,
ఎదుటి రాజు ఆ మూలన చతికిలబడితే
దేవుడు దిగివచ్చినా లేపలేడని
దానికెవరూ చెప్పలేదు.
యాభై ఎత్తులు అటూ ఇటూ తచ్చాడుతుంది
గుమ్మం ముందు అప్పులవాడిలా.

చెప్తే ఖేర్లోఫ్ నవ్వాడు, వసంతంలో దిద్దుతానన్నాడు.
మార్చిలో అతని భార్య బిస్కెట్ల డబ్బా తెచ్చిచ్చింది,
నిండా ఫ్లాపీలు.
"ఇవేంటో నాకు తెలియదు, మీకు తెలుస్తుందన్నాడు."

ఆరు వరుసలు మారిస్తే చాలు. ఎక్కడో కూడా తెలుసు.
కానీ రాయి బరువెక్కితే
లోకంలో సరుకంతా ఆ ఉదయమే తేలికైపోతుంది,
ఎవరూ ఏ తప్పూ చేయకుండానే.
దొంగరాయి పట్టుకుంటే జరిమానా వేసినవాణ్ణి,
ఈ ఒక్కదాన్ని చూసీ చూడనట్టు
పదకొండేళ్ళుగా ముద్ర వేస్తున్నాను.

నిన్నరాత్రి మూడువందల పదిహేడో ఆట.
అప్పటిదాకా వరసగా ఓడుతున్న ద్రహొమీరా ప్రోగ్రాము
దారి తప్పిన రాజుని మూలకి చేర్చింది.
లెక్కలు తెరిచి చూశాను:
కీవిట్, గెలుస్తున్నాననుకుంది.
అది, ఓడిపోతున్నాననుకుంది.
యాభై ఎత్తులు. ఇద్దరికీ తెలియదు.

ద్రహొమీరాకి రాయాలి.
అర పాయింటు, అని.
ఎలా వచ్చిందో అడక్కపోతే బావుణ్ణు.