బరువు మీదే బిగించాలి

బ్లైనైలో వాన మొదలై పదకొండు రోజులు.
ఊరి చుట్టూ తవ్విపోసిన పలకరాతి గుట్టలు
తడిసిన గేదె వీపుల్లా మెరుస్తున్నాయి.
గరాజులో ముక్కు పైకెత్తి నిలబడింది ఎర్ర మాజ్దా,
ఇరవై ఆరేళ్లది, రెండే సీట్లది.
చక్రాలు విప్పేశాక
కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని వాగు దాటబోయే మనిషిలా ఉంది.

వారమంతా స్కూలు బస్సు నడుపుతాను నేను.
యాభైముగ్గురు పిల్లలు, ఒక్కటే వేగం.
ఈ బండిని కొన్నది శనివారాల కోసం.
కానీ మలుపు తిరిగితే ఒరుగుతోంది,
గుంతలో పడితే మూడుసార్లు తలూపుతోంది
ఒకసారి చెబితే చాలదన్నట్టు.

అందుకే డబ్బాలో వచ్చాయి
నాలుగు కొత్త డంపర్లు, నాలుగు నీలిరంగు స్ప్రింగులు,
జపాను అక్షరాల కాగితం, దాని మీద బొమ్మలు.

కింది బోల్టు రాలేదు.
ఉప్పు చల్లిన రోడ్ల మీద ఇరవై ఆరు చలికాలాలు
దాన్నీ బుష్షులోని గొట్టాన్నీ ఒకే ఇనుము చేశాయి.
సామం: తుప్పు నూనె, మూడు రాత్రులు.
దానం: నా పిడికిలి చర్మం, నాలుగు వేళ్లది.
భేదం: గ్యాసు మంట, రబ్బరు కాలిన కంపు.
ఇక దండమేనని రెంచికి గొట్టం తొడిగి వేలాడుతుంటే
పక్కింటి ఎలిడిర్ వచ్చాడు టీ కప్పుతో.
తన కప్పే, నాకు తేలేదు.
డెబ్బై దాటాయి. క్వారీలో మిషన్లు బాగుచేసిన చేతులు.
"ముందు కాస్త బిగించి చూడు," అన్నాడు.
వదలాల్సినదాన్ని బిగించడమేమిటి అనుకుంటూనే బిగించాను.
టక్కుమంది.
ఆ తర్వాత వచ్చింది, కేకలు పెడుతూ, వెంట్రుకవాసి చొప్పున.

స్ప్రింగు విప్పేటప్పుడు మాత్రం ఇద్దరం మాట్లాడలేదు.
నొక్కిపట్టిన ఉక్కు జారిందంటే
దవడ ఎక్కడుందో వెతుక్కోవాలి.

ముందువైపు పాతవి రెండూ బల్ల మీద నిలబెట్టాను.
ఈ బండి మునుపు గెథిన్‌ది. పియానోలు శృతి చేసేవాడు.
ఒంటి మనిషి, ఒంటిగానే తిరిగాడు, అంటుంది ఊరు;
పోయిన మార్చిలో పూడ్చేటప్పుడు కూడా అదే మాట.
మరి ఒక్కడే నడిపిన బండికి
కుడివైపు స్ప్రింగు కుంగాలి కదా, డ్రైవరు వైపుది.
టేపు పెట్టి కొలిచాను.
మళ్లీ కొలిచాను.
రెండూ సమానంగా కుంగాయి. మిల్లీమీటరు తేడా లేదు.

"ఎడమది కూడా..." అన్నాను.
ఎలిడిర్ కప్పులోకి చూస్తున్నాడు.
"ఇక్కడి రోడ్లు అలాంటివి," అన్నాడు.

చీకటి పడేసరికి కొత్త కాళ్లు అమరాయి.
బోల్టులన్నీ ఇంకా వదులుగానే ఉంచాలి, బొమ్మ చెబుతోంది:
గాల్లో వేలాడుతుండగా బిగిస్తే
నేల తాకిన రోజున రబ్బరు మెలితిరిగి చిరుగుతుంది.
మనుషుల్ని ఎక్కించి, బరువు మోస్తుండగా బిగించాలి.
చక్రాలు తొడిగి, చెక్క వాలుల మీదికి ఎక్కించి
డ్రైవరు సీట్లో ఇసుక బస్తాలు పెట్టాను.
"ఎడమ సీట్లో మీరు కూర్చోండి," అన్నాను.
కాసేపు నిలబడే ఉన్నాడు.

నేను కింద. వీపుకు చల్లటి సిమెంటు, కంట్లో తుప్పు.
పైన తలుపు మూసుకుంది. సీటు వెనక్కి జరిగింది,
మీట కోసం వెతుకులాట లేకుండా, ఒకే జరుపు.
తర్వాత చిన్న దెబ్బ, అరచేతి మడమతో, మూత అంచు మీద.
ఏప్రిల్ నుంచి నాకు తెరుచుకోని డ్యాష్‌బోర్డు అర
తెరుచుకున్న చప్పుడు.

నేనేమీ అడగలేదు.
రెంచి టిక్కుమనేదాకా లాగాను,
ఒక్కో బోల్టునూ రెండేసిసార్లు.
పైన బరువు కదల్లేదు.

ఆదివారం కనుమ మీదికి తీసుకెళ్లాను.
ఒరగడం లేదు. కానీ ప్రతి గులకరాయీ
వెన్నుపూసలకు విడివిడిగా కబురు పంపుతోంది.
దిగి డంపర్లను రెండు టిక్కులు మెత్తబరిచాను.
నా కోసం కాదు.

సోమవారం తుక్కు బండివాడు లెక్కపెట్టి
"పాత స్ప్రింగులు మూడే ఉన్నాయేం?" అన్నాడు.
ఎక్కడో దొర్లి ఉంటుందిలే అన్నాను.