ఉలికిపాటు

హల్ ఊళ్ళో ఆరున్నర. ఆన్లబీ రోడ్డు మీద
ఫిబ్రవరికి ఇంకా తెల్లవారలేదు.
హీటర్ కింద ముప్పై గంటల పాప.
పేరు కుదరలేదు, కాలికి కట్టిన బిళ్ళ మీద
'బేబీ పికరింగ్' అని మాత్రం ఉంది.

ముందు నా చేతులు రుద్దుకుని వెచ్చబెట్టుకున్నాను.
చెంప మీద చిటికెన వేలు రాస్తే
మొహం అటు తిప్పి నోరు తెరిచింది.
అరికాలి అంచున గోటితో గీస్తే
అయిదు వేళ్ళూ విసనకర్రలా విచ్చుకున్నాయి.
నిలబెట్టి పాదం ఆనిస్తే
ఎక్కడికో ఆలస్యమైనట్టు రెండడుగులు వేసింది.
తల్లి డానియెల్ నవ్వబోయి, కుట్లు లాగి, ఆగింది.

ఇక ఒకటే మిగిలింది.

మా మేనత్త పురిటి పిల్లల తలకింద
అడకత్తెర పెట్టేది, ఉలిక్కిపడకుండా.
నాకిక్కడ జీతమిచ్చేది
ఉలిక్కిపడేలా చేసి చూడమనే.

తల అరచేతిలో పట్టి, కాస్త లేపి,
రెండంగుళాలు జారనిచ్చాను.
ఎడమ చెయ్యి ఎగిరి గాలిని వాటేసుకుంది.
కుడి చెయ్యి రాలేదు.

కాన్పులో భుజం పట్టేసిందా? కాగితాల్లో ఆ మాట లేదు.
డానియెల్ నా మొహమే చదువుతోంది.
పిల్లల్ని చదవడం నేర్పారు గానీ
నన్ను చదవనివ్వకుండా ఉండటం ఎవరూ నేర్పలేదు.

అప్పుడు కనిపించింది.
చలి కదా అని నేనే విప్పకుండా వదిలేసిన
అమ్మమ్మ అల్లిన పసుపు స్వెట్టరు,
దాని ఊలులో చిక్కుకున్న బుల్లి బొటనవేలు.
తప్పు నాదే. విప్పాను. మళ్ళీ జారనిచ్చాను.

రెండు చేతులూ లేచాయి,
కొమ్మ జారిన కోతిపిల్లలా.
పది వేళ్ళతో ఎవరినో వెతుక్కుని
దొరక్క, వార్డంతా లేచేలా ఏడ్చింది.

"మామూలేనా?"
"మామూలే."
ఈ వార్డులో ఇంతకన్నా మంచి మాట లేదు.

ఇవన్నీ పోవాలని కూడా చెప్పాను,
రెండు నెలలకొకటి, ఆరు నెలలకొకటి.
నడక నేర్వాలంటే ముందు ఈ నడక మరిచిపోవాలని.

చెప్పనిది ఒకటుంది. కిందటేడు
వృద్ధుల వార్డులో, చేపల పడవల మీద పనిచేసిన ఒకాయన
భార్య పేరు కూడా జారిపోయాక
నా వేలిని ఇలాగే పట్టుకున్నాడు.
అది మామూలు కాదని రాయాల్సి వచ్చింది.

ఫారంలో టిక్కులు పెట్టాలి. పెన్ను జేబులోనే ఉంది.
కుడి చెయ్యి మాత్రం
పాప దగ్గరుంది.